ఇటలీ సాక

మనిషి చేపలు తినడం మొదలుపెట్టి ఎన్ని వేల ఏండ్లయిందో పండితులు ఇంకా తేల్చలేదు. కానీ ఆ తినడం ఇంతకాలం సరైన పద్ధతిలో సాగలేదని నదీతీర రుచుల సమన్వయ మండలి మాత్రం తేల్చేసింది. ఈ మండలి కార్యాలయం గద్వాలలో ఒక చీరల దుకాణం మీది మేడలో, అద్దెకు ఉంది. అందులో కొన్ని కుర్చీలు, ఒక ఏసీ, ఏసీ పనిచేయనప్పుడు తెరవడానికి ఒక కిటికీ ఉన్నాయి. (కిటికీలోంచి నది కనపడదు. నదీతీరం అనే మాట బోర్డు మీద ఉంది గనుక విడిగా నది అక్కర్లేదని తీర్మానించారు.)

మండలి డైరెక్టరు గారు ఆ మధ్య కాలువల నిర్వహణ నేర్చుకుని రమ్మంటే ఇటలీ వెళ్ళొచ్చారు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక మధ్యాహ్నం ఆయన ముందు వేయించిన చేప పెట్టి, పక్కన చల్లటి తెల్ల వైను పోశారు. తీపి లేని వైను. ఒక గుక్క తాగితే నోరు కడిగినట్టయి, ఇంకో ముక్క చేప అడగాలనిపించే వైను. తిరిగొచ్చాక ఆయన సమర్పించిన నివేదికలో కాలువల మీద ఒక పేరా ఉంది. మిగతాదంతా ఆ భోజనమే. చివర్న ఆయన ఇలా రాశారు: మన ప్రాంతంలో చేప ఉంది, తినే మనిషి ఉన్నాడు, ఆకలికి కూడా కొదవ లేదు. మధ్యన ఉండవలసిన వైను లేకపోవడమే మన వెనుకబాటుకు కారణం.

(వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణాలు గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా ప్రతి ఊరి మొదట్లోనూ ఉన్నాయి. వాటిలో వైను తప్ప అన్నీ దొరుకుతాయి.)

దాని మీద ఒక సర్క్యులర్ వచ్చింది. నది మీది ప్రాజెక్టు కట్ట మీద చేపలు వేయించి అమ్ముకునే పొయ్యిలవాళ్ళందరూ తమ చేపకు, కరకరలాడే ఎండిన ఇటలీ తెల్ల వైనుకు సఖ్యత ఉన్నదని రుజువు చేసుకోవాలి. చేసుకున్నవాళ్ళకు సఖ్యత పత్రం ఇస్తారు. పత్రం లేని పొయ్యిని వచ్చే నెల నుంచి వెలిగించకూడదు. ఇంగ్లీషులో క్రిస్ప్, డ్రై అని ఉన్న సర్క్యులర్‌ను తెలుగు చేసినవారు వైను ఎన్నడూ తాగినవారు కాదని ఆ మాటలు చూస్తేనే తెలుస్తుంది. (తాగనివారితోనే చేయించాలని నిబంధన ఉంది.)

కట్ట మీద మొదటి పొయ్యి సాయమ్మది. భర్త లింగయ్య తెల్లవారకముందే గుండ్రటి పుట్టి నీళ్ళలో దించి వల వేసొస్తాడు. బొచ్చె పడితే బొచ్చె, రవ్వ పడితే రవ్వ, అదృష్టం బాగుంటే కొర్రమీను. సాయమ్మ ముక్కలు కోసి, కారం, అల్లం, నిమ్మరసం పట్టించి, పెద్ద ఇనుప పెనం మీద వేయిస్తుంది. ఆదివారాలు కర్నూలు నుంచి, రాయచూరు నుంచి కార్లు వచ్చి ఆగుతాయి. ఆ పొయ్యి ఆరిపోతే ఇంట్లో పొయ్యి కూడా ఆరినట్టే. ఆ సంగతి ఆమెకు ఏ సర్క్యులరూ చెప్పనక్కర్లేదు.

మొదటి పొయ్యి కాబట్టి పరీక్షకు ఆమెనే ఎంచుకున్నారు. ఆమె చేప నెగ్గితే కట్టమీది పొయ్యిలన్నీ నెగ్గినట్టు, ఆమెది ఓడితే అందరివీ ఓడినట్టు. సోమవారం పొద్దున మండలి క్షేత్రాధికారి శివకుమార్ మోటార్ సైకిల్ మీద వచ్చి, తువ్వాలలో చుట్టిన సీసాను రెండు చేతులా పట్టుకుని దిగాడు. వనపర్తి పిల్లాడు. ఉద్యోగం ఇంకా కొత్త. మోటార్ సైకిల్ స్టాండు వేయడానికి చేయి ఖాళీ లేక బండిని నడుముకు ఆనించుకుని నిలబడ్డాడు.

"సాయమ్మా, ఇది జర పైలం. శుక్రవారం కమిటీ వస్తది. అప్పటిదాంక చల్లగుండాలె. మూత మీద చెయ్యి పడొద్దు."

"ఏముంది సారూ ఇందుల?"

"ఎండిన తెల్ల వైను."

సాయమ్మ సీసాను ఎత్తి ఎండకు పట్టి చూసింది. "ఎండిందంటున్నరు. మెడదాంక ఉంది గద?"

"కాయితంల గట్లనే ఉంది" అన్నాడు శివకుమార్. కాగితంలో ఉన్నదాని మీద అతను ఎన్నడూ వాదించడు.

"తాగేదేనా మరి?"

"తాగేదే. కని మీరు తాగొద్దు. కట్ట మీద మందు తాగుడు, అమ్ముడు నేరం."

"మల్ల మా తాన ఎందుకు పెడ్తున్నరు?"

"మీ చేపకు దీనికి కుదురుతదని మీరే చూపెట్టాలె."

"తాగకుంట?"

"తాగకుంట."

పక్క పొయ్యి ఎల్లన్న ఉల్లిగడ్డలు కోస్తూ ఇదంతా విన్నాడు. "పెండ్లిచూపుల లెక్కనే వదినా" అన్నాడు. "పిల్లను, పిలగాన్ని ఒక్క తాన కూసోబెట్టాలె. మాట్లాడుకోనియ్యొద్దు. కుదిరిందని మనమే చెప్పాలె."

సీసాను ఎంత చల్లగా ఉంచాలో మార్గదర్శకాల్లో రాసి ఉంది. దేనిలో ఉంచాలో రాసి లేదు. కట్ట మీద ఫ్రిజ్ అనేది లేదు. ఉన్నదల్లా చేపలు పెట్టుకునే ఐసు పెట్టె. ఐసు పెట్టెలో సీసా పెట్టబోతుంటే శివకుమార్ ఆపాడు. పరీక్షకు ముందే చేపను, వైనును ఒకే పెట్టెలో ఉంచితే అది ముందస్తు పరిచయం కిందికి వస్తుందేమోనని అతనికి అనుమానం వచ్చింది. గద్వాలకు ఫోను చేశాడు. అటునుంచి చాలాసేపటికి జవాబొచ్చింది. మధ్యన గోనెసంచి అడ్డం పెడితే అభ్యంతరం లేదు. గోనెసంచి అడ్డం పెట్టి, ఫోటో తీసుకుని, శివకుమార్ వెళ్ళిపోయాడు. ఒకవైపు కొర్రమీను, ఒకవైపు ఇటలీ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పడుకున్నాయి.

మంగళవారం లింగయ్య వల తేలిగ్గా వచ్చింది. బుధవారం ఇంకా తేలిగ్గా వచ్చింది. పుట్టి ఒడ్డుకు లాగి అతను వలను సాయమ్మ ముందు పడేశాడు, ఏమీ అనలేదు. (లింగయ్య నెలకు ఒకసారి మాట్లాడతాడని కట్ట మీద అనుకుంటారు. అది అతిశయోక్తి. అమావాస్యకు, పున్నానికి మాట్లాడతాడు.)

ఎందుకిట్లయిందో సాయమ్మకు బుధవారం సాయంత్రం తట్టింది.

ఆ కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. కల్లు గాని, సారా గాని, ఆఖరికి పెండ్లికి తెచ్చిన కూల్‌డ్రింకు గాని, తాగేది ఏది గడప దాటినా మొదటి ధార గంగమ్మకు పొయ్యాలి. దాన్నే సాక పొయ్యడం అంటారు. తల్లికి చూపకుండా సీసా దాచిన ఇంటి వలకు చేప పడదు. అలా అని ఎక్కడా రాసి లేదు. కానీ అట్లా దాచినవాడు ఎవడూ లేడు కాబట్టి, అబద్ధమని రుజువు కూడా కాలేదు.

"ఏందయ్యా, మూడు దినాలాయె. తాగేది ఐసుల పెట్టుకొని కూసున్నం. తల్లికి చుక్క పొయ్యకపోతిమి."

లింగయ్య సీసా వైపు చూశాడు. తర్వాత కట్ట మీది దారి వైపు, శివకుమార్ వచ్చే వైపు చూశాడు.

"సారు వద్దన్నది మనల" అంది సాయమ్మ. "తల్లిని వద్దనలే."

దీనికి ఎదురు చెప్పడానికి లింగయ్య దగ్గర మాటల్లేవు. (చట్టం దగ్గర కూడా లేవని తర్వాత తేలింది.)

గురువారం పొద్దున సాయమ్మ సీసాకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మెడకు వేపమండ కట్టింది. ఇటలీలో ఆ సీసాను తయారుచేసినవారు దాన్ని అంత అందంగా ఎన్నడూ చూసి ఉండరు. మూతే చిక్కొచ్చింది. పైన రేకు ఊడింది గాని లోపల బిరడా బిగుసుకుని ఉంది. లింగయ్య వల అల్లే సూదితో పొడిచాడు, గుంజాడు. రాలేదు. చివరికి సూదిని వెనక్కి తిప్పి బిరడాను లోపలికే నెట్టాడు. బిరడా సీసాలో పడి ఈదడం మొదలుపెట్టింది. అంటే ఇక ఆ సీసాను మూసే దారి లేదు.

సాయమ్మ మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. "తల్లీ, గిది దూరంకెల్లి వచ్చింది. ముందుగాల నువ్వు" అని ఒక ధార పోసింది. లేత గడ్డి రంగులో అది నీళ్ళలో కలిసిపోయింది.

"గంగమ్మకు ఇటలీ మాట తెలుస్తదా వదినా?" ఎల్లన్న ఒడ్డు మీదినుంచి అరిచాడు.

"నీ మాటనే తెలుస్తుండంగ ఇటలీది తెల్వదా?"

ఆ పొద్దు లింగయ్య పుట్టి నిండింది. మండలి దీన్ని యాదృచ్ఛికంగా పరిగణించింది.

మధ్యాహ్నం శివకుమార్ థర్మామీటరు తీసుకుని వచ్చాడు. కమిటీకి ముందురోజు చల్లదనం రాసుకుని పోవాలని నిబంధన. ఐసు పెట్టె తెరిచాడు. గోనెసంచి ఉంది. అటువైపు బొట్టు పెట్టుకుని, మెడలో వేపమండతో, కడుపులో బిరడాతో సీసా ఉంది.

అతను పెట్టె అంచు మీదనే కూర్చుండిపోయాడు.

"ఎవరు తాగిన్రు సాయమ్మా?"

"గంగమ్మ."

"ఎవరామె? మీ ఆడపడుచా?"

"గంగమ్మ సారూ" అని సాయమ్మ గడ్డంతో నది వైపు చూపింది.

శివకుమార్ నది వైపు చూశాడు. వనపర్తిలో వాళ్ళమ్మ కూడా పండుగనాడు వాకిట్లో సాక పోస్తుంది. అట్లాగని కాగితంలో ఆ గడి లేదు. మార్గదర్శకాలు తీసి వెతికాడు. సీలు తెగినచో మొదటి వినియోగదారు వివరాలు నమోదు చేయవలెను. చేయని పక్షంలో పొయ్యి వెంటనే రద్దు. అన్నీ రద్దు. ఎల్లన్నది కూడా.

ఎల్లన్న కత్తి కింద పెట్టి లేచొచ్చాడు. అతని మొహంలో ఇప్పుడు ఎకసెక్కం లేదు.

"సారూ, నేనే తాగిన్నని రాయి" అన్నాడు.

"రాస్తే కేసైతది ఎల్లన్నా. కట్ట మీద తాగుడు."

"ఎవ్వరు తాగలేదని రాయి మరి."

"గట్లైతే ప్రభుత్వ సరుకు పాయెనని సాయమ్మ మీద కేసైతది."

"ఉన్నది రాయుండ్రి సారూ" అంది సాయమ్మ. "తల్లి తాగింది. తల్లి మీద ఏ కేసు పెడ్తరో పెట్టుండ్రి."

శివకుమార్ కలం తీశాడు. పేరు: గంగమ్మ. వయసు గడి దగ్గర ఆగాడు. ఇరవై ఒక్కటి దాటకపోతే అది ఇంకో నేరం.

"దాటే ఉంటది" అంది సాయమ్మ.

చిరునామా: కట్ట కింద. శాశ్వత చిరునామా అన్న గడి చూసి అతను మళ్ళీ తలెత్తాడు.

"పుట్టిల్లు మహారాష్ట్ర సారూ" అన్నాడు ఎల్లన్న. "మధ్యన కర్ణాటకల కొన్నొద్దులు ఉండి వస్తది."

వృత్తి దగ్గర ప్రవాహం అని రాశాడు. వినియోగం తర్వాత ఆరోగ్యం ఎలా ఉంది అన్నచోట మరోసారి నది వైపు చూసి, నిలకడగా ఉంది అని రాశాడు.

ఇక మిగిలింది సఖ్యత. సీలు తెగిన సీసాను కమిటీ ముందు పెట్టడానికి లేదు. మిగిలిన సరుకును అక్కడికక్కడే, క్షేత్రాధికారి సొంతంగా, చేపతో కలిపి పరిశీలించాలని చిన్న అక్షరాల్లో ఉంది. శివకుమార్ ఆ చిన్న అక్షరాలను రెండుసార్లు చదివాడు. రెండోసారి కొంచెం ఇష్టంగా చదివాడు.

సాయమ్మ కొర్రమీను ముక్కలు వేయించింది. పెనం మీది నుంచి తీసి అరిటాకులో వేసి, ఉల్లిగడ్డ, నిమ్మచెక్క, ఒక జొన్నరొట్టె పక్కన పెట్టింది. స్టీలు గ్లాసులో వైను పోసింది. గ్లాసుకు బయట చెమట పట్టింది. అతను ముక్క తుంపి నోట్లో పెట్టుకున్నాడు. వేడి, కారం, అంచున కరకరమనే చర్మం. నాలుక మంట ఎక్కుతుండగా ఒక గుక్క తాగాడు.

శివకుమార్ ఇంతకుముందు తాగినవన్నీ ముక్కు మూసుకుని మింగేవే. ఇది వేరు. మొదట చల్లదనం. వెనకే పులుపు, తొలకరికి వచ్చిన చింతచిగురులాంటి పులుపు. నూనెను తుడిచిపెట్టింది, కారాన్ని కూర్చోబెట్టింది. పోతూ పోతూ వేపపుల్ల నమిలినంత సన్నటి చేదు వదిలిపోయింది. నోరు ఖాళీ అయింది. అంటే ఇంకో ముక్కకు చోటయింది. నీళ్ళ మీదినుంచి గాలి వచ్చింది. అతను ఇంకో ముక్క తిన్నాడు. ఇంకో గుక్క తాగాడు. డైరెక్టరు గారు కాలువల గురించి ఒక్క పేరా మాత్రమే ఎందుకు రాశారో అతనికి అర్థమైంది.

"ఎట్లుంది సారూ?"

"మీరు కూడ పరిశీలించుండ్రి" అన్నాడు శివకుమార్. "నేను గటు తిరుగుత."

అతను నిబంధనల ప్రకారం అటు తిరిగాడు. సాయమ్మ ఒక గుక్క తాగి, ముఖం ముడిచి, చేప ముక్క తిని, ముడిచిన ముఖం విప్పింది. "ఉట్టిగ తాగితె ఏముంది? పులుసు నీళ్ళు. ముక్కతోని అయితె ఏదో ఉంది" అంది. ఎల్లన్న గ్లాసు మళ్ళీ చాచాడు. లింగయ్య నెమ్మదిగా నమిలి, మింగి, తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"చేపకు అడ్డం రాదు" అన్నాడు.

ఆ పున్నానికి అతను మాట్లాడవలసింది అయిపోయింది. శివకుమార్ అటే తిరిగి ఉండి, సఖ్యత గడిలో ఆ మాటనే రాసుకున్నాడు.

నివేదిక గద్వాల మేడ ఎక్కింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. గడులన్నీ నిండి ఉన్నాయి కాబట్టి నవ్వవలసిన అవసరం కనపడలేదు. డైరెక్టరు గారు ఇటలీ పేరు కనపడగానే సంతోషించి సంతకం చేశారు. పత్రం మంజూరైంది. మొదటి వినియోగదారు పేరిటే పత్రం ఇవ్వాలని నిబంధన కాబట్టి, కట్టమీది పొయ్యిలన్నిటికీ కలిపి గంగమ్మ పేరిట ఇచ్చారు.

కట్ట మీద ఆ రోజు పండుగలాగే ఉంది. "మంచిదే గద" అంది సాయమ్మ. "ఎప్పటికి ఆమె పేరు మీదనే బతుకుతున్నం. ఇప్పుడు కాయితం కూడ అయింది." పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పొయ్యి పక్కన గుంజకు కట్టారు. ఎల్లన్న దానికి ఒక ఊదుబత్తి ముట్టించాడు. పొయ్యిలు వెలిగాయి. వచ్చిన కార్లకు సాయమ్మ చేయి తుడుచుకుని మరీ పత్రం చూపించింది.

తర్వాత పత్రదారు వచ్చి వేలిముద్ర వేయాలని కార్యాలయం నుంచి కబురొచ్చింది. గంగమ్మ రాలేదు. రెండోసారి కబురు పంపారు. రాలేదు. (వర్షాకాలంలో ఒకసారి మేడ మెట్ల దాకా వచ్చే సూచనలు కనిపించాయి గాని, పైన గేట్లు సర్దడంతో విరమించుకుంది.) పత్రదారు స్వయంగా రాలేని స్థితిలో ఉంటే, ఆమె తరఫున సంతకాలు చేయడానికి ఒక ప్రతినిధిని నియమించే అధికారం మండలికి ఉంది. నాగర్‌కర్నూల్‌లో పాత దస్త్రాల గదిలో కూర్చునే ఒక అధికారిని పిలిపించి, గంగమ్మ ప్రతినిధిగా నియమించారు. ఆయన జీతానికి పొయ్యికి ఇంత అని రుసుము పెట్టారు. సాయమ్మ కట్టింది. తల్లి తరఫు మనిషి అన్నాక ఉట్టి చేతులతో పంపుతారా?

ప్రతినిధి గారు మంచివారు. సమయానికి వస్తారు, సమయానికి పోతారు. మద్యం ముట్టరు, మాంసం తినరు, చేప వాసన పడదు. బాధ్యతలు తీసుకున్న వారంలో ఒకసారి కట్ట మీదికి వచ్చారు. కారు అద్దం కొంచెం దించి, మళ్ళీ ఎక్కించి, వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఒక పొద్దున శివకుమార్ వచ్చాడు. మోటార్ సైకిల్ ఆపాడు గాని దిగలేదు. సాయమ్మ అప్పుడే పెనం తుడుస్తోంది.

"కూసో సారూ, రవ్వ పడింది ఇయ్యాల. వేస్త."

"వెయ్యకు సాయమ్మా. ఉత్తర్వొచ్చింది."

"ఎవరిది?"

శివకుమార్ కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. "కింద సంతకం చేసిన గంగమ్మ అనే నేను, కట్ట కింద నివాసం, తెలియజేయునది ఏమనగా. నా తీరమున చేపలు వేయించుట వలన వచ్చు వాసన నాకు తీవ్ర ఇబ్బంది కలిగించుచున్నందున, నా పేరిట గల పొయ్యిలన్నియు రేపటి నుండి ఆర్పివేయవలసినదిగా ఆదేశించడమైనది. సఖ్యత పత్రము యథావిధిగా చెల్లును."

లింగయ్య పుట్టి బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

సాయమ్మ నది వైపు చూసింది. నది ఎప్పటిలాగే పోతోంది.

"చేప వాసన పడ్తలేదన్నదా? గంగమ్మ?"

"గట్లనే ఉంది."

"తల్లి గా మాట అనదు సారూ. మల్లొక్కసారి చూడు, సంతకం ఆమెదేనా?"

శివకుమార్ కాగితం తిప్పి ఆమెకు చూపించాడు. కింద గంగమ్మ సంతకం ఉంది. ఇంగ్లీషులో.